24 ఏళ్లు వచ్చేదాకా నాన్న జీతమే నీ జీతం: అమెరికా కాలేజీ సాయం వెనక కథ

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్‌తో మొదలుపెడతా.

కొన్నాళ్ల కింద అమెరికా నుంచి ఒక అమ్మాయి రాసింది. 19 ఏళ్లు. పుట్టింది, పెరిగింది అంతా న్యూజెర్సీలో. అమ్మానాన్నలు మనవాళ్లే, ఇద్దరూ ఐటీ. కాలేజీలో రెండో ఏడాది. ఒక అబ్బాయిని ఇష్టపడిందని ఇంట్లో తెలిసింది. మన కులం కాదు. ఇక మీకు తెలుసు కదా, సముద్రం దాటి వెళ్లినా కొన్ని సూట్‌కేసులోనే వెళ్తాయి. "వాణ్ని వదిలేసి ఇంటికి రా, లేదంటే వచ్చే సెమిస్టర్ ఫీజు మేం కట్టం" అన్నారు. తను వదల్లేదు. వాళ్లు కట్టం అన్న మాట మీదే ఉన్నారు.

సరే, గవర్నమెంట్ సాయం ఉంది కదా, నేను మేజర్‌నే కదా, నా పేరు మీద నేనే అప్లై చేసుకుంటా అనుకుంది. ఫామ్ ఓపెన్ చేసింది. రెండో మూడో పేజీలోనే "మీ తల్లిదండ్రుల వివరాలు ఇవ్వండి" అని వచ్చింది. తను నాకు రాసిన మాట ఇది: "అన్నా, నాకు ఓటుంది. తప్పు చేస్తే పెద్దవాళ్ల జైలుకే పంపుతారు. ఫీజు దగ్గర మాత్రం నేను ఇంకా చిన్నపిల్లనట. ఈ రూల్ ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు?"

పేరు చెప్పకుండా వాడుకోమంది కాబట్టి వాడుకుంటున్నా. నిజం చెప్పాలంటే నాకప్పటికి జవాబు తెలీదు. రెండు వీకెండ్లు కూర్చుని చదివా. చదివాక అర్థమైంది, ఇది రూల్ కాదు, ఎనభై ఏళ్ల గొడవ.

ముందు ఒక క్లారిటీ. కామెంట్లలో "బ్రో, నేను ఎంఎస్‌కి వెళ్తున్నా, నాకూ వస్తుందా" అని అడుగుతారు, అందుకే ఇప్పుడే చెప్తున్నా. రాదు. ఇది అమెరికా సిటిజన్లకీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ, శరణార్థుల్లాంటి మరికొన్ని వర్గాలకీ ఇచ్చే ఫెడరల్ సాయం. ఎఫ్-1 మీద వెళ్లినవాళ్లకి లేదు. హెచ్-4 మీద మూడో ఏట వెళ్లి అక్కడే పన్నెండో క్లాసు దాకా చదివిన పిల్లలకి కూడా లేదు. అది ఇంకో ఎపిసోడ్‌కి సరిపడా బాధ. ఈ అమ్మాయి అక్కడే పుట్టింది కాబట్టి సిటిజన్. తన ప్రాబ్లం వీసా కాదు, నాన్న.

ఆ ఫామ్ పేరు ఫాఫ్సా. అందులో ప్రతి విద్యార్థినీ రెండు డబ్బాల్లో ఒకదాంట్లో వేస్తారు: డిపెండెంట్, ఇండిపెండెంట్. డిపెండెంట్ అయితే అమ్మానాన్నల ఆదాయం, ఆస్తి చూసి, "ఈ ఇంటివాళ్లు ఇంత కట్టగలరు" అని లెక్క కడతారు. కట్టగలరు అని మాత్రమే. కడతారా లేదా అన్నది ఆ ఫార్ములాకి అనవసరం. ఇండిపెండెంట్ అయితే నీ సంపాదన, పెళ్లయితే నీ భాగస్వామి సంపాదన, అంతే. పెద్దగా సంపాదన లేని 19 ఏళ్ల పిల్లకి ఈ రెండు డబ్బాల మధ్య తేడా ఏడాదికి వేల డాలర్లు. పెల్ గ్రాంట్ అని తిరిగి కట్టక్కర్లేని డబ్బు ఉంటుంది, 2025-26లో దాని గరిష్ఠం 7,395 డాలర్లు. ఇద్దరు ఐటీ ఉద్యోగుల కూతురిగా తనకి వచ్చేది సున్నా.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. 1944.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా అయిపోలేదు. జూన్ 22న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. జనం దాన్ని జీఐ బిల్ అన్నారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు చదువుకుంటానంటే ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు, పెళ్లి కానివాడికి నెలకి 50 డాలర్లు ఖర్చులకి. దాదాపు 22 లక్షల మంది దాని మీద కాలేజీకి వెళ్లారు. అందులో నల్లజాతి సైనికులకి దక్కింది చాలా తక్కువ, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో, ఎందుకంటే చేర్చుకునే కాలేజీలే చాలా తక్కువ. ఆ సంగతి మర్చిపోకూడదు. కానీ మన టాపిక్‌కి కావాల్సిన పాయింట్ ఒకటుంది: ఆ సైనికుడిని "మీ నాన్న ఎంత సంపాదిస్తాడు" అని ఎవరూ అడగలేదు. నువ్వు దేశానికి పనిచేశావు, ఇది నీ హక్కు, అంతే. ఫెడరల్ గవర్నమెంట్ పెద్ద ఎత్తున కాలేజీ సాయం మొదలుపెట్టిందే తండ్రి ప్రస్తావన లేకుండా.

మరి నాన్న ఎప్పుడొచ్చాడు?

గవర్నమెంట్ నుంచి కాదు, ప్రైవేటు కాలేజీల నుంచి వచ్చాడు. 1950ల మొదట్లో పెద్ద పెద్ద కాలేజీలు మంచి స్టూడెంట్ల కోసం స్కాలర్‌షిప్‌లు పెంచుకుంటూ ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నాయి. హార్వర్డ్‌లో జాన్ మన్రో అనే ఆయన, ఎవరికి ఎంత అవసరమో తేల్చడానికి ఒక ఫార్ములా రాశాడు. కుటుంబ ఆదాయంలోంచి కొన్ని ఖర్చులు తీసేసి, మిగిలినదాంట్లో ఇంత శాతం చదువుకి పెట్టగలరు అని. 1954లో కాలేజ్ బోర్డు, అదే ఎస్ఏటీ పరీక్ష పెట్టే సంస్థ, కాలేజ్ స్కాలర్‌షిప్ సర్వీస్ అని ఒకటి పెట్టి ఈ లెక్కని కాలేజీలకి పంచింది. ఉద్దేశం మంచిదే. డబ్బున్నవాడికి కాదు, లేనివాడికి ఇద్దాం అని. కానీ దాని పునాదిలో ఒక మాట ఉంది: పిల్లల చదువు బాధ్యత ముందు కుటుంబానిది, మిగిలిందే మాది. ఆ ఒక్క మాట ఇవాల్టికీ కోడ్‌లో అలాగే ఉంది.

మనకి ఇది వింతగా అనిపించదు. నేను బీటెక్ చేసింది ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే. మీసేవలో అప్లై చేసి, తహసీల్దార్ ఆఫీసు నుంచి నాన్న పేరు మీద ఇన్‌కమ్ సర్టిఫికెట్ వచ్చేదాకా టెన్షన్. ఒకసారి నాన్న పేరులో ఒక అక్షరం తప్పు పడింది, దాని కోసం మూడు రోజులు కాలేజీ ఎగ్గొట్టి తిరిగా. అన్ని రోజులు తిరిగినప్పుడు కూడా నాకు ఒక్కసారీ ఈ ప్రశ్న రాలేదు: నాన్న ఆ కాగితం ఇవ్వనంటే? నాన్నకి డబ్బుండి, నాకు ఇవ్వనంటే? మా ఇంట్లో లేనిది డబ్బు, ఉన్నది నాన్న. ఈ అమ్మాయికి రివర్స్. ఆ రివర్స్ కేసు ఉంటుందని ఫార్ములా రాసినవాళ్లూ పెద్దగా ఆలోచించినట్టు లేదు.

1965లో లిండన్ జాన్సన్ వచ్చాడు. నవంబర్ 8న హయ్యర్ ఎడ్యుకేషన్ యాక్ట్ మీద సంతకం వాషింగ్టన్‌లో పెట్టలేదు, టెక్సస్‌లో తను చదివిన శాన్ మార్కోస్ కాలేజీకి వెళ్లి పెట్టాడు. చదువుకునేటప్పుడు అదే కాలేజీలో ఊడ్చే పని చేసి, అప్పులు చేసి, మధ్యలో ఏడాది ఆపేసి కొటుల్లా అనే ఊళ్లో మెక్సికన్ పిల్లలకి పాఠాలు చెప్పి, ఆ డబ్బుతో తిరిగొచ్చి డిగ్రీ పూర్తి చేసినవాడు. ఇవాల్టి ఫామ్ ఆయన నింపి ఉంటే, 20 ఏళ్ల వయసులో సొంతంగా పనిచేసి ఫీజు కట్టుకుంటున్న జాన్సన్ డిపెండెంట్ కిందికే వచ్చేవాడు. ఇది చదివినప్పుడు కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా.

అసలు మలుపు 1972. నిక్సన్ టైమ్‌లో వచ్చిన సవరణల్లో ఒక కొత్త గ్రాంట్ పెట్టారు. తర్వాత 1980లో దానికే సెనేటర్ క్లైబోర్న్ పెల్ పేరు పెట్టారు. కాలేజీలు మాకివ్వండి డబ్బు, మేం చూసుకుంటాం అన్నాయి. పెల్ ఒప్పుకోలేదు. డబ్బు విద్యార్థి వెంట వెళ్లాలి, ఏ కాలేజీకి వెళ్తే అక్కడికి అన్నాడు. చట్టంలో గరిష్ఠం 1,400 డాలర్లు అని రాశారు, మొదటి ఏడాది నిధులు చాలక 452 డాలర్లకి మించి ఇవ్వలేకపోయారు. ఇక్కడ తమాషా గమనించండి. హక్కు విద్యార్థిది, లెక్క మాత్రం తండ్రి జీతం మీద. చేయి ఒకరిది, కొలత ఇంకొకరిది.

దానికి ఒక్క ఏడాది ముందే, 1971 జులై 1న, రాజ్యాంగానికి 26వ సవరణ వచ్చింది. 18 ఏళ్లకే ఓటు. వియత్నాంకి పంపడానికి పనికొచ్చిన కుర్రాడు ఓటుకి పనికిరాడా అన్న వాదనే దాన్ని గెలిపించింది. అంటే ఒక చట్టం 18కే నువ్వు పెద్దవాడివి అంటోంది, పక్క ఏడాది చట్టం మీ నాన్నని పిలు అంటోంది.

మరి నిజంగా ఇంటితో సంబంధం లేనివాళ్ల సంగతేంటి? వాళ్ల కోసం మొదట్లో పెట్టిన పరీక్ష వింటే నవ్వొస్తుంది. మూడు ప్రశ్నలు. మీ అమ్మానాన్నలు ట్యాక్స్ రిటర్న్‌లో నిన్ను డిపెండెంట్‌గా చూపించారా? ఏడాదిలో ఆరు వారాల కంటే ఎక్కువ వాళ్లింట్లో ఉన్నావా? ఒక పరిమితికి మించి, ఒక దశలో అది 750 డాలర్లు, వాళ్ల నుంచి సాయం తీసుకున్నావా? మూడింటికీ కాదు అంటే ఇండిపెండెంట్.

ఆరు వారాలు అంటే 42 రోజులు. క్రిస్మస్‌కి ఇంటికెళ్లి, సమ్మర్‌లో నెల ఉంటే అయిపోయింది, 43వ రోజు అమ్మ చేతి అన్నం తింటే గ్రాంట్ గల్లంతు. పైగా చెక్ చేసేదెవరు? నువ్వు ఎక్కడ పడుకున్నావో గవర్నమెంట్‌కి ఎలా తెలుస్తుంది? నిజాయితీగా 50 రోజులు అని రాసినవాడు నష్టపోయాడు, 40 అని రాసినవాడు బాగుపడ్డాడు. ఇండిపెండెంట్ల సంఖ్య ఏటా పెరిగింది. అందులో పెద్ద వయసులో కాలేజీకొచ్చినవాళ్లు, పిల్లలున్న తల్లులు చాలామంది ఉన్నారు, అయినా కాంగ్రెస్‌కి అనుమానం మొదలైంది. మధ్యతరగతి వాళ్లు పిల్లల్ని కాగితం మీద ఇంట్లోంచి పంపేసి గ్రాంట్ తీసుకుంటున్నారని.

1986 అక్టోబర్‌లో రీగన్ సంతకం పెట్టిన సవరణలతో ఆట మారింది. 42 రోజుల లెక్క పోయింది. 24 ఏళ్లు వచ్చింది. అవార్డు ఏడాది డిసెంబర్ 31 నాటికి 24 నిండితే ఇండిపెండెంట్. లేదంటే తల్లిదండ్రులిద్దరూ చనిపోయి ఉండాలి, కోర్టు సంరక్షణలో ఉండాలి, మాజీ సైనికులై ఉండాలి, పోషించాల్సిన పిల్లలుండాలి, పెళ్లయినవాళ్లకీ పీజీ చేసేవాళ్లకీ వేరే దారి. మాజీ సైనికుడిని చూశారా? 1944 నాటి ఆ పాత హక్కు, అన్ని సవరణలూ దాటుకుని, లిస్టులో ఒక లైన్‌గా మిగిలింది.

24 ఎందుకు? నా లెక్క ఇది. 18కి చేరి 22కి డిగ్రీ అయిపోయే దేశంలో, 24 అని పెడితే మామూలు స్టూడెంట్లందరూ ఆటోమేటిగ్గా నాన్న ఖాతాలోనే ఉండిపోతారు. ఖర్చు అదుపులో ఉంటుంది. ఇంకోటి, కోడ్ రాసినవాడిగా చెప్తున్నా. ఎక్కడ పడుకున్నావు అన్నది వెరిఫై చేయలేని ఫీల్డ్. పుట్టిన తేదీ ఎవరూ మార్చలేని ఫీల్డ్. సిస్టమ్ డిజైన్‌గా చూస్తే అది నీట్‌గా ఉంది. మోసం చేసేవాళ్లు తగ్గుతారు. కానీ ప్రతి ఫిల్టర్‌కీ ఒక రేటుంటుంది. దొంగని ఆపడానికి గేటు ఎంత బిగిస్తే, తాళం లేని ఇంటివాడు అంత ఎక్కువ బయట నిలబడతాడు.

1986లో ఆ బయట నిలబడ్డవాళ్లకి ఒక చిన్న కిటికీ ఉంచారు. 24 నిండకపోయినా, వరసగా రెండేళ్లు అమ్మానాన్నలు నిన్ను ట్యాక్స్‌లో చూపించకుండా, ఏడాదికి కనీసం 4,000 డాలర్లతో నీ బతుకు నువ్వు బతికావని నిరూపిస్తే ఇండిపెండెంట్‌గా ఒప్పుకుంటారు. పర్ఫెక్ట్ కాదు, కానీ ఒక దారి. 1992లో ఫాఫ్సా అనే ఉమ్మడి ఫామ్‌ని తెచ్చిన అదే సవరణల్లో ఆ కిటికీ మూసేశారు. నా వరకు ఈ మొత్తం చరిత్రలో పెద్ద తప్పు ఇదే. సొంత కాళ్ల మీద నిలబడటం అనేది అప్పటిదాకా కనీసం ఒక రుజువు. ఆ తర్వాత అది రుజువే కాదు.

కాలేజీల్లో సాయం చూసే ఆఫీసర్లకి ఒక అధికారం మాత్రం వదిలారు. కేసుని బట్టి, అసాధారణ పరిస్థితి ఉంటే, కాగితాలు చూసి డిపెండెంట్‌ని ఇండిపెండెంట్‌గా మార్చొచ్చు. ఇంట్లో హింస, తల్లిదండ్రులు వదిలేసి వెళ్లిపోవడం, జైల్లో ఉండటం లాంటివి. కానీ నాలుగు కారణాలు వాటంతటవి సరిపోవని ఆఫీసర్లకి రాసి పెట్టారు. అమ్మానాన్నలు డబ్బు ఇవ్వం అనడం. ఫామ్‌కి వివరాలు ఇవ్వం అనడం. ట్యాక్స్‌లో నిన్ను చూపించకపోవడం. నాలుగోది, నీ బతుకు పూర్తిగా నువ్వే బతుకుతుండటం. ఈ నాలుగోది ఆ అమ్మాయికి చదివి వినిపించా. కాసేపు లైన్‌లో సైలెంట్.

నేనూ మొదట ఆవేశపడ్డా. ఇంత అన్యాయమా అని. ఆ తర్వాత 2019 నాటి ఒక కేసు చదివి కొంచెం తగ్గా. షికాగో దగ్గర లేక్ కౌంటీ, బాగా డబ్బున్న ఏరియా. అక్కడి కొందరు తల్లిదండ్రులు కాలేజీకి వెళ్లబోయే పిల్లల్ని, కోర్టుకి వెళ్లి, ఒక ఫ్రెండుకో బంధువుకో చట్టపరమైన గార్డియన్‌షిప్ కింద రాసిచ్చారు. ఎందుకంటే 2007 చట్టంలో ఇండిపెండెంట్ లిస్టుని పెంచారు: 13 ఏళ్లు దాటాక ఎప్పుడైనా ఫోస్టర్ కేర్‌లో ఉన్నవాళ్లు, ఇల్లు లేని పిల్లలు, చట్టపరమైన గార్డియన్ కింద ఉన్నవాళ్లు. నిజంగా దిక్కులేని పిల్లల కోసం తెరిచిన తలుపు అది. పిల్లలు అదే ఇంట్లో ఉన్నారు, కాగితం మీద మాత్రం అనాథల్లాంటివాళ్లయ్యారు. ప్రోపబ్లికా రిపోర్టర్లు ఒక్క ఆ కౌంటీలోనే ఏడాదిన్నరలో అలాంటివి 40కి పైగా లెక్కపెట్టారు. బయటపడింది ఎలాగంటే, పేద విద్యార్థుల ఓరియెంటేషన్‌కి ఒక సంపన్న ఇంటి పిల్లకి పిలుపొచ్చిందేంటని స్కూల్ కౌన్సెలర్ యూనివర్సిటీకి ఫోన్ చేసింది.

అంటే "మా నాన్న కట్టనన్నాడు" అనే మాట ఒక్కటే చాలు అని రూల్ పెడితే, అమెరికాలో రేపు పొద్దున్నే ప్రతి నాన్నా కట్టనంటాడు. ఆ భయం ఉత్తిది కాదు. అయినా నాకు మింగుడుపడనిది ఇది. అక్కడ చాలా రాష్ట్రాల్లో 18 దాటిన కొడుకు, కూతురు కాలేజీ ఫీజు కట్టాలని ఏ చట్టమూ తల్లిదండ్రుల్ని బలవంతం చేయదు. న్యూజెర్సీలో 1982 నాటి ఒక తీర్పు ప్రకారం, విడాకులు తీసుకున్న తల్లిదండ్రుల్ని కోర్టు కాలేజీ ఖర్చు పంచుకోమనొచ్చు. కలిసి కాపురం చేస్తున్న తల్లిదండ్రులకి అది కూడా లేదు. నాన్న కట్టాలి అని ఫార్ములా అంటుంది, కట్టకపోతే మాకు సంబంధం లేదు అని చట్టం అంటుంది. ఆ గ్యాప్‌లో పడింది మాత్రం పిల్ల.

2020 డిసెంబర్ చివర్లో ఇంకో సవరణ వచ్చింది. 108 ప్రశ్నల ఫామ్‌ని బాగా తగ్గించారు. నా దృష్టిలో అందులో మంచి మార్పు ఒకటుంది. అసాధారణ పరిస్థితి ఉందని స్టూడెంట్ టిక్ పెడితే, అమ్మానాన్నల వివరాలు లేకుండానే తాత్కాలికంగా ఇండిపెండెంట్‌గా ముందుకెళ్లొచ్చు, ఆ తర్వాత కాలేజీ తేలుస్తుంది. ఇంతకుముందు ఏటా కొత్తగా అదే గాయాన్ని కొత్త కాగితాలతో చూపించాల్సి వచ్చేది. ఇప్పుడు అదే కాలేజీలో ఒకసారి ఒప్పుకుంటే తర్వాతి ఏళ్లకీ సాధారణంగా అదే నడుస్తుంది. కానీ ఆ నాలుగు కారణాల లైను అలాగే ఉంది.

ఇక ఆ కొత్త ఫామ్ సాఫ్ట్‌వేర్‌గా ఎలా వచ్చిందంటే, దేవుడా. మామూలుగా అక్టోబర్‌లో తెరవాల్సింది 2023 డిసెంబర్ 30న తెరిచారు. అది కూడా కాసేపు ఆన్, కాసేపు ఆఫ్. ద్రవ్యోల్బణం సర్దుబాటు ఫార్ములాలో పెట్టడం మర్చిపోయారు, సోషల్ సెక్యూరిటీ నంబర్ లేని తల్లిదండ్రులున్న పిల్లలు నెలల తరబడి లోపలికే వెళ్లలేకపోయారు. మా టీమ్‌లో ఇలాంటి రిలీజ్ చేసుంటే మా మేనేజర్ మమ్మల్ని బతకనిచ్చేవాడు కాదు.

ఆ అమ్మాయి దగ్గరికి వద్దాం. కాలేజీ ఆఫీసర్‌ని కలిసింది. ఆవిడ మంచిగానే మాట్లాడిందట. ఇంట్లో కొట్టారా? లేదు. బయటికి గెంటేశారా? లేదు, రమ్మంటున్నారు, షరతు మీద. మాట్లాడుకుంటారా? అమ్మ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది, అన్నం తిన్నావా అని అడుగుతుంది, ఫీజు సంగతి ఎత్తదు. అయితే నేనేం చేయలేనమ్మా అంది ఆఫీసర్. తల్లిదండ్రులు వివరాలివ్వకపోతే వచ్చేది అప్పు ఒక్కటే, వడ్డీ మొదటి రోజు నుంచే నడిచే రకం. రెండో ఏడాది డిపెండెంట్‌కి దాని పరిమితి 6,500 డాలర్లు, ఇండిపెండెంట్‌కి 10,500. తనకి 6,500. కొరత తీరదు. స్ప్రింగ్ నుంచి ఆ యూనివర్సిటీ మానేసి ఇంటి దగ్గర కాకుండా వేరే కౌంటీలో ఉన్న కమ్యూనిటీ కాలేజీకి మారుతోంది, పగలు ఒక ఫార్మసీలో పని.

ఇంకో దారి కూడా ఉంది, అది తనే కనిపెట్టి నాకు చెప్పింది. పెళ్లయిన స్టూడెంట్ వయసుతో సంబంధం లేకుండా ఇండిపెండెంట్. అంటే ఏ అబ్బాయిని వదలనందుకు ఇంట్లో ఫీజు ఆపేశారో, అదే అబ్బాయితో రేపు రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లొస్తే, నాన్న జీతం ఆ ఫామ్‌లోంచి మాయమైపోతుంది. ఆ అబ్బాయి సరే అన్నాడట, వెంటనే. తను వద్దంది. "ఫామ్‌లో ఒక టిక్ కోసం పెళ్లి చేసుకుంటే, రేపు మా ఇద్దరికీ గొడవైనప్పుడు ఆ టిక్కే గుర్తొస్తుంది అన్నా" అంది. 19 ఏళ్లకి ఈ మాత్రం బుర్ర నాకు లేదు.

అయితే 24 దాకా ఆగుతావా అని అడిగా. లెక్క చూసుకున్నానంది. తను పుట్టింది 2006 జనవరి మొదటి వారంలో. 2029-30 సంవత్సరానికి ఇండిపెండెంట్ అవ్వాలంటే 2006 జనవరి 1 కంటే ముందు పుట్టి ఉండాలి. కొన్ని రోజుల తేడాతో ఇంకో ఏడాది పోయింది, కాబట్టి 2030-31. డాక్టర్ ఇచ్చిన డేట్ డిసెంబర్ 28 అట, తను ఆలస్యంగా పుట్టిందట. ఈ మధ్య ఆదివారం ఫోన్‌లో ఈ సంగతి చెబితే వాళ్లమ్మ చాలా రోజుల తర్వాత నవ్విందట. వెనక నుంచి నాన్న కూడా.

ఇంతవరకే నాకు తెలుసు. తన నుంచి ఇంకేమైనా కబురొస్తే, తను ఒప్పుకుంటే, చెప్తా. ఉంటా మరి.